ముద్దల లెక్క

జరగండి నాయనా, ఇంకొంచెం ఇటు జరగండి. చాపకు ఈ చివర చోటుంది. చేతిలో పని ఉంటే దాన్నీ తెచ్చుకోండి. చింతపండు గింజ తీస్తూ కూడా వినవచ్చు, నేనేమీ అనుకోను. నేను చెప్పేది రాజుల కథ కాదు. ఇరవైయారేళ్లు తలారి పని చేసినవాణ్ణి, ఆ పనిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఆ ఇరవైయారేళ్లలో చేసిన తప్పులు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ ఎవరి కంటా పడలేదు. ఒకదాన్ని మాత్రం నేనే పట్టుకున్నాను. ఇది దాని కథ.

తలారి అంటే మీకు తెలియకపోవచ్చు. తెల్లదొరల కాలంలో ఊరికి ముగ్గురు ఉండేవాళ్లు. కాగితానికి కరణం, గద్దింపుకు మునసబు, నడకకు తలారి. ఎవరికి కబురు పంపాలన్నా, ఎవర్ని చావడికి పిలవాలన్నా, కదిలేది నా కాళ్లే. చదువంటారా, మా వాడలో మిషన్ బడి ఉండేది, రెండో పుస్తకం దాకా వెళ్లాను. మూడో పుస్తకం వచ్చేసరికి మా నాయన పోయాడు, తలారి కర్ర నా చేతికొచ్చింది. కానీ ఆదివారం గుడిలో పెద్దవాళ్లు పాడే కీర్తనలు వినీ వినీ నాకొక అలవాటు పట్టుకుంది. ఏ మాటైనా సరే, దానికొక వరస కట్టి పాడుకుంటే ఇక మరిచిపోను. మా కరణం గారికి అది బాగా పనికొచ్చింది. ఆయన కాలు ఒకటి వాచి ఉండేది, అరుగు దిగేవాడు కాదు. నేను పోయి చూసి, విని, పాట కట్టుకుని వచ్చేవాణ్ణి. ఆయన అరుగు మీద కూర్చుని, "ఊఁ, పాడరా" అనేవాడు. నేను పాడుతుంటే ఆయన రాసేవాడు. సర్కారు లెక్కలు సగం అలా నా గొంతులోంచి వెళ్లినవే.

మా ఊరు రాయచోటి వైపు. ఊరికి నాలుగు మైళ్ల దూరంలో, కొండ కింద, ఇరవైనాలుగు ఇళ్ల పల్లె ఒకటుండేది. అందరూ గొర్రెలు కాచే కురబలే. మరో కులం ఇల్లు లేదు. చుట్టూ ముళ్లకంపల కంచె, ఇంటికొక దొడ్డి, చాలా దొడ్లకు కాపలా కుక్కలు ఉండేవి. దారిన పోయేవాళ్లకు అదొక ఊరని కూడా తెలిసేది కాదు. నీళ్లకు మాత్రం వాళ్లు పడిన పాటు నేను చూశాను. వంకలో ఇసుక తోడి, చెలమ తవ్వి, ఊరిన నీటిని చిప్పతో ముంచుకునేవాళ్లు. ఎండాకాలం వస్తే ఆ చెలమ నిలువెత్తు లోతుకు పోయేది. పల్లెలో పెద్దదిక్కుగా ఒక అవ్వ ఉండేది. ఆమె కోడలు అలాగే చెలమలోకి దిగి నీళ్లు ముంచుతుంటే పైనున్న ఇసుక జారి మీద పడింది. బయటికి తీసేసరికి పోయింది. ఆమెకు చంటి ఆడపిల్ల. ఆ పిల్లను అవ్వే పెంచుతోంది.

ఇది జరిగిన రెండో ఏడు జనాభా లెక్కలు వచ్చాయి. పదేళ్లకోసారి మనుషుల్ని లెక్కపెడతారు కదా, అవి. అంతకుముందు లెక్కలో ఆ పల్లెను మా ఊళ్లోనే కలిపేశారు. విడిగా దానికి పేరే లేదు. ఆ ఏడు తాలూకా బోర్డు వాళ్లు ఒక మాట అన్నారని కరణం గారు చెప్పారు. లెక్కలో విడిగా నూరు తలలు తేలిన పల్లెకు బావి తవ్విస్తారట.

"ఒరే, నువ్వు పోయి తలలు చూసుకోని రా," అన్నాడు కరణం గారు. "నేను పోయి రాసినట్టు రాస్తా. ఈ కాలేసుకోని కొండకింద దాకా యాడ పోయేది?"

పోయాను. కంచె బయట నిలబడి అవ్వకు సంగతంతా చెప్పాను. లెక్క మాట వినేసరికి ఆమె ముఖం మారిపోయింది.

"మనుషుల్ని లెక్కబెట్టేదేందప్పా? గొర్రెల్నే లెక్కబెట్టం మేము. లెక్కబెట్టిన మంద నిలవదు."

"మరి సాయంత్రం ఒకటి తప్పిపోతే ఎట్ల తెలుస్తాది అవ్వా?"

"నీ ఇంట్లో నలుగురు పిల్లోల్లుండారు గదా. రేత్రి ఒకడు రాకపోతే లెక్కబెట్టి తెలుసుకుంటావా?"

కానీ బావి మాట ఆమె చెవిలో పడనే పడింది. తరవాత తనే ఒక దారి చెప్పింది.

"మనుషుల మీద వేలు పెట్టొద్దు. పొద్దున్నే సంగటి పొయ్యి దించి ముద్దలు చేసి చెక్క పలక మీద పెడతాం. ఆ ముద్దలు లెక్కబెట్టుకో. మనిషికొకటే ముద్ద. చిన్నా పెద్దా తేడా లేదు."

"ఇంట్లో వాళ్లకేనా, వచ్చేపోయే వాళ్లక్కూడానా?"

"ఇంట్లో వాళ్లకే."

మర్నాడు పొద్దు పొడిచేసరికి పల్లెలో ఉన్నాను. మొదటి ఇల్లు అయిదు, రెండో ఇల్లు నాలుగు, చింతమాను ఇల్లు ఏడు. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లు తడిపిన పలకను కంచె దాకా తెచ్చి చూపించారు. రాగి ముద్దలు పొగలు కక్కుతున్నాయి. నాకు కడుపులో ఎలుకలు పరిగెత్తుతున్నాయి. అయినా వరస తప్పకుండా పాట కట్టుకుంటూ ఇరవైనాలుగు ఇళ్లూ తిరిగాను. అవ్వ ఇంటి దగ్గర ఆమె ఒక ముద్ద ముక్క తెచ్చి, నా పైగుడ్డలో పైనుంచి పడేసింది. ఆ రోజుల్లో మాకు అలాగే పెట్టేవాళ్లు. అందులో నాకు కొత్తేమీ లేదు. దారి పొడుగునా పాడుకుంటూ మధ్యాహ్నానికి అరుగు ముందు నిలబడ్డాను.

"ఊఁ, పాడరా."

పాడాను. మొత్తం నూటతొమ్మిది. కరణం గారు సంతోషపడ్డాడు. "నూరు దాటిందిరా. ఇంగ పేర్లు?"

"పేర్లు చెప్పలేదు సామీ."

"చెప్పకపోతే ఏంది? ఆ పల్లెలో ఇద్దరు మొగోల్లలో ఒకడు బీరప్పే." అలా ఆయనే తలకొక పేరు, పేరుకొక వయసు పెట్టుకుంటూ పోయాడు. వృత్తి గొర్రెల కాపరి, భాష తెలుగు. సాయంత్రానికి కాగితం తయారైంది, మర్నాడు తాలూకాకు వెళ్లిపోయింది.

వారం తరవాత మేత పన్ను పనిమీద కొండ పైకి వెళ్లాల్సి వచ్చింది. మధ్యాహ్నం ఒక బండ నీడన ఆ పల్లె కాపరి ఒకడు కనిపించాడు. కుశలం అడిగాడు, కూర్చోమన్నాడు. నడుముకు కట్టుకున్న గుడ్డ మూట విప్పాడు. అందులో రెండు ముద్దలున్నాయి. మనిషి ఒక్కడు, ముద్దలు రెండు. నాకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఈ మహానుభావుడికి నేను వస్తానని ఎలా తెలిసిందో అనుకున్నాను. మర్యాదకని, "వద్దులే అన్నా, నువ్వు తిను," అన్నాను కూడా.

అతను నావైపు వింతగా చూసి, ఒక ముద్ద తీసి పక్కనున్న కుక్క ముందు పెట్టాడు.

కుక్క తినింది. అతను తిన్నాడు. నేను చూస్తూ కూర్చున్నాను.

"అన్నా," అన్నాను కాసేపటికి, "ఈ కుక్కకు దినమ్మూ ముద్దేనా?"

"మరి? నాతో సమంగా తిరుగుతాంది గదా? మొన్న తోడేలు వచ్చినప్పుడు నేను చెట్టెక్కినా, ఇది ఎక్కలేదు. నాకంటే పెద్ద ముద్ద పెట్టాలంటాది మా అమ్మ."

"అన్ని ఇండ్లలోనూ అంతేనా?"

"కుక్క ఉన్న ఇంట్లో అంతే."

అప్పుడు మెలకువ వచ్చింది నాకు. కొండ దిగుతూ ఇల్లిల్లూ తలచుకున్నాను. కుక్కలున్న ఇళ్లు పదిహేడు. ఆ పదిహేడు కుక్కలకూ సర్కారు కాగితంలో పేరుంది, వయసుంది, భాష తెలుగని ఉంది. వృత్తి గొర్రెల కాపరి. ఒక్క వృత్తి మాత్రం తప్పు రాయలేదు.

కరణం గారి దగ్గరికి పరుగెత్తాను. విని ఆయన తమలపాకు నమలడం ఆపేశాడు.

"ఇంకెవురికైనా చెప్పినావా?"

"లేదు సామీ."

"చెప్పద్దు. నేనే పోయి చూసినానని సంతకం పెట్టినా. ఎవుడొచ్చి చూస్తాడు ఆ కొండకింద?"

నాలుగు రోజుల్లో కబురొచ్చింది. కరణాల మీద అధికారి, ఫిర్కా ఇన్‌స్పెక్టరు గారు స్వయంగా వచ్చి తలలు చూస్తారట. కొత్తగా బావి ఇవ్వబోయే పల్లె కాబట్టి ముందు అక్కడికే వస్తారట.

ఆ సాయంత్రమే అవ్వ దగ్గరికి వెళ్లాను. దాచలేదు, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మొదట నవ్వింది. పక్కింటావిడను పిలిచి చెప్పి, ఆవిడా ఈవిడా కలిసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వయ్యాక అడిగింది.

"కుక్కల్ని తీసేస్తే నూరు తక్కువైతాదా?"

"తొంభైరెండు తేలుతాది అవ్వా."

"బావి?"

"రాదు అవ్వా," అన్నాను. అప్పుడు ఇంట్లోంచి చిన్నపిల్ల గొంతు వినిపించింది. గుమ్మంలో వేలాడే కంబళి కింద ఏదో కదిలింది. చిన్న పాదం ఒకటి బయటికొచ్చి, మళ్లీ లోపలికి పోయింది.

"అవ్వా, ఆ పిల్ల ముద్ద నేను లెక్కబెట్టినానా?"

"లేదు. దానికి ఇంగా ముద్ద పెట్టలేదు."

అప్పుడు చెప్పింది. మూడేళ్లకోసారి వాళ్ల కులదేవుడు బీరప్పకు జాతర జరుగుతుంది. ఆ జాతరలో పుట్టు వెంట్రుకలు తీయించి, ఆ రోజే పిల్ల చేతికి మొదటి ముద్ద ఇస్తారు. అప్పటి నుంచే ఆ పిల్ల ఇంటి మనిషి. అంతవరకూ తల్లి ముద్దలోనే తుంచి పెడతారు. బయటివాళ్ల ఎదుటికి తీసుకురారు, పేరు పెట్టి పిలవరు. పిల్లలు నిలవని కాలం అది. బిడ్డ వచ్చిందని బయట తెలిస్తేనే కదా, పట్టుకుపోయే యముడు వచ్చేది. జాతర ఇంకా ఏడాది ఉంది. నలుగురు పిల్లల తండ్రిని నేను. అన్నిసార్లు ఆ పల్లెకు వెళ్లి, రెండేళ్ల లోపు బిడ్డ ఒక్కటీ కనిపించకపోవడం నాకు వింతగా తోచలేదంటే ఏమనుకోవాలి.

"ఇట్లాంటి పిల్లోల్లు ఇంగెందరుండారు అవ్వా?"

"లెక్కబెట్టం అన్నా గదా."

"సర్కారుకు చూపిస్తే బావి వస్తాది."

"ఒక కోడల్ని నీళ్లకిచ్చినా," అంది ఆమె. గొంతు పెంచలేదు. "మనవరాల్ని గూడా ఇయ్యమంటావా? పో నాయనా."

వచ్చేశాను.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన పొద్దు చలి ఇంకా పోలేదు. ఆయన కోస్తావైపు మనిషి, చిన్న వయసు. ఎద్దుబండిలో ఆయన, పక్కన మా కరణం గారు కూర్చున్నారు. వెనక నేను నడిచాను. బండి పల్లెలోకి వెళ్లగానే కుక్కలన్నీ ఒక్కసారిగా చుట్టుముట్టాయి. ఇన్‌స్పెక్టరు గారు కాళ్లు రెండూ పైకి ముడుచుకుని కూర్చున్నారు. ఆ తరవాత ఆయన బండి దిగనే లేదు.

"కరణం గారూ, మీరు రాసిన మొదటి ఇల్లు ఏదండీ?"

కరణం గారు ఆ పల్లెను చూడటం అదే మొదలు. ఆయన నావైపు చూశాడు. నేను కళ్లతో కుడివైపు చూపించాను. ఆయన ఎడమవైపు చూపించాడు.

ఇన్‌స్పెక్టరు గారు తన కాగితం తీసుకున్నారు. అందరినీ ఇళ్ల ముందు నిలబడమన్నారు. వేలు పెట్టి చూపవద్దని నేను బతిమాలితే సరేనన్నారు. మంచి మనిషి. కళ్లతోనే ఒక్కొక్క ఇల్లూ చూసుకుంటూ కాగితం మీద గీతలు గీసుకున్నారు. గీతలు కలుపుకుని నొసలు చిట్లించారు.

"నూటతొమ్మిది రాశారు. నాకు తొంభైరెండే కనిపిస్తున్నారు. మిగతా పదిహేడుమంది ఏరండీ?"

కరణం గారు ఉత్తరీయంతో ముఖం తుడుచుకున్నాడు. "వలస పోయినట్టుండారు," అని సణిగాడు. ఆ మాటను ఇన్‌స్పెక్టరు గారు నమ్మేలాగే ఉన్నారు. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఆ మాట నిలిస్తే, లేని పదిహేడుమందిని నేను ఇంకెన్నిసార్లు తెచ్చి చూపించాలి? బండి చక్రం పట్టుకుని చెప్పాను.

"ఆ పదిహేడుమంది మీ బండి చుట్టే ఉండారు సామీ."

ఆయన కిందికి చూశారు. కుక్కలు పైకి చూశాయి.

ముద్దల సంగతి మొదటి నుంచి చెప్పాను, కరణం గారి కాలు మాట తప్ప. ఇన్‌స్పెక్టరు గారు నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. తరవాత ఎర్ర సిరా తీసి పదిహేడు గీతలు కొట్టారు. "నేనేం చెయ్యను చెప్పండి," అన్నారు, నిజంగానే బాధగా. "తొంభైరెండు. బావి మాట ఇక బోర్డు వినదు." ఎడ్లను తిప్పమన్నారు.

"నిలబడప్పా," అంది అవ్వ.

ఆమె లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు ఒక చంకలో పిల్ల, ఇంకో చేతిలో సంగటి ముద్ద ఉన్నాయి. ఆ పిల్ల తలనిండా కత్తెర పడని జుట్టు. వెలుతురు చూసి కళ్లు చికిలించింది. పల్లెలో ఆడవాళ్లంతా చూస్తున్నారు. అవ్వ ఆ పిల్లను బండి ముందు నేలమీద నిలబెట్టి, రెండు చిన్న చేతులు దోసిలి పట్టించి, అందులో ముద్ద పెట్టింది. ఆ చేతులకు ముద్ద పెద్దదైంది. పిల్ల దాన్ని పొట్టకు ఆనించుకుని నిలబడింది.

"ముద్ద పెట్టినా," అంది అవ్వ. "ఇది మా ఇంటి మనిషి. రాసుకో."

తరవాత మూడో ఇంటి కోడలు లోపలికి వెళ్లింది. ఆమె వెనక ఇంకొకరు. ఒక్కో కంబళి కిందనుంచి ఒక్కో పిల్ల బయటికొచ్చింది. పాలు తాగేవాళ్ల పెదాలకు కాస్త సంగటి అంటించారు. ఇన్‌స్పెక్టరు గారు గీతలు గీసుకుంటూ పోయారు. చివర కలిపి, నోరు తెరిచారు.

"నోటితో చెప్పొద్దప్పా," అంది అవ్వ. "కాగితంలోనే ఉండనీ."

ఆయన తెరిచిన నోరు మూసుకుని తల ఊపారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను మాత్రం గీతలు చూశాను. ఇప్పుడు చెప్పినా తప్పులేదు. పదముగ్గురు పిల్లలు. నూట అయిదు.

బండి కదలబోతుండగా అవ్వ నావైపు తిరిగింది. "తలారీ, ఈ పిల్లోల్లలో ఒక్కరికి ఏమన్నా అయినా నేనొచ్చి నీ గడపలో కూచుంటా. గుర్తుపెట్టుకో."

"పెట్టుకుంటా అవ్వా," అన్నాను. మరిచిపోవడం నాకు ఎటూ చేతకాదు.

కరణం గారి సంగతి చెప్పనే లేదు. ఇన్‌స్పెక్టరు గారు ఆయన్ను పైవాళ్లకు పట్టించలేదు. తాను కదులుతూ ఆయన్ను బండి దించేసి, పొద్దుగూకే దాకా ఆ పల్లెలోనే కూర్చుని నూటయిదుమంది నిజమైన పేర్లూ రాసుకు రమ్మన్నారు. రెండు నెలలు ఆయన నాతో మాట్లాడలేదు. ఆ తరవాత ఒకరోజు అరుగు మీద తనలో తానే నవ్వుకుంటూ అన్నాడు: "బీరప్పలు అయిపోతే మా తాతల పేర్లు రాసినాన్రా. ఏ కుక్కకు ఏ తాత పడినాడో."

ఆయనకు అంతటితో సరిపోయింది. నాకు సరిపోలేదు. ఆ ఏడాదంతా వారానికోసారి ఏదో ఒక పని కల్పించుకుని ఆ పల్లెకు వెళ్లేవాణ్ణి. కంచె బయట నిలబడి పదముగ్గురినీ చూసుకునేవాణ్ణి. లెక్కపెట్టేవాణ్ణి కాదు. అవ్వ చెప్పింది నిజమే, నీవాళ్లయితే లెక్క అక్కర్లేదు. ఎండాకాలంలో పక్క ఊళ్లో అమ్మవారు పోసింది. ఒకరోజు వెళ్తే అవ్వ మనవరాలు కనిపించలేదు. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. ఆ రోజు నుంచి దినమూ నాలుగు మైళ్లు పోయాను, నాలుగు మైళ్లు వచ్చాను. కంచె దగ్గర నిలబడేవాణ్ణి. అవ్వ నావైపు చూసేది కాదు. నేనూ ఏమీ అడిగేవాణ్ణి కాదు. ఇంట్లో మా ఆడమనిషి, "మొగం అట్ల పెట్టుకున్నావేంది?" అంటే, ఎండ అన్నాను. తొమ్మిదో రోజు వెళ్లేసరికి ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని, కుక్క చెవి లాగుతోంది. నేను కంచె పక్కనే కూలబడ్డాను. అవ్వ అప్పుడు మాట్లాడింది.

"పోయి పని చూసుకోపో. నీ గడప నాకేం అవసరం లేదు."

మరుసటి ఏడు బావి తవ్వారు. బండ పడింది, మందు పెట్టి పేల్చారు, మళ్లీ బండ పడింది. నీళ్లు పడిన నాడు కబురు నేనే మోసుకొచ్చాను, చావడికి. ఆ తరవాతి పొద్దున అవ్వ నన్ను రమ్మందని తెలిసి వెళ్లాను. ఆ బావి గట్టు మీద నేను కాలు పెట్టలేదు. పెట్టవచ్చా అని అడగను కూడా లేదు. అప్పటి రోజులు అలాంటివి. కంచె బయట నా చోట నేను నిలబడ్డాను.

కొత్త నీళ్లతో సంగటి కెలికారు. అవ్వ పలక తెచ్చింది. దాని మీద ముద్దలు వరసగా ఉన్నాయి. అలవాటు చొప్పున నా కన్ను వాటి మీద పడింది. కొడుకుది, అవ్వది, మనవరాలిది, కుక్కది. ఇంకొకటి ఎక్కువుంది.

"ఎవురొచ్చినారు అవ్వా, చుట్టాలా?"

"చుట్టాలకు పలక మీద పెడతామా? అడిగినావు గదా ఆ పొద్దు. ఇంట్లో వాళ్లకే." పలక చివరున్న ముద్ద తీసింది. నేను పైగుడ్డ పట్టాను. ఆమె దాన్ని పైనుంచి పడెయ్యలేదు. కంచె సందులోంచి చెయ్యి చాపి, నా చేతిలో పెట్టింది.

వేడిగా ఉంది. "కుక్కది దీనికంటే పెద్దదిగా ఉండాదే," అన్నాను.

"అది తోడేలుకు ఎదురు నిలబడినాది," అంది అవ్వ. "నువ్వు ఇన్‌స్పెక్టరుకు నిలబడినావు. ఆ మాత్రం తేడా ఉంటాది."

ఆ తరవాత నేను పని మానేదాకా, ఎప్పుడు వెళ్లినా ఆ ముద్ద పలక చివర ఉండేది. నేను వెళ్లని రోజుల్లో ఎవరు తిన్నారో అడగలేదు. కుక్కే తిని ఉంటుంది.

చాలా పొద్దుపోయింది, ఇక లేవండి. ఇంటికి పోయి అన్నం తినండి. మీ పొయ్యి చల్లారకూడదు, మీ కడవ అడుగంటకూడదు. మీ ఇంట్లో పసిపిల్లలు ఎవరి లెక్కకూ బెదరకుండా పెరగాలి. ఇంట్లో ఉన్న తలలకంటే ఒక ముద్ద ఎప్పుడూ ఎక్కువే మీ పలక మీద ఉండాలి, అది అందుకునేవాడు కంచె బయట నిలబడే పని లేకుండా ఉండాలి. చల్లగా ఉండండి నాయనా.